ఫ్రెండ్స్‌తో ఆన్‌లైన్ కథ ఆటలు: ఆట ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది, మళ్లీ ఎట్లా నడిపించాలి

ఇక్కడ చెప్పేదంతా పైసా ఖర్చు లేకుండా నలుగురు కలిసి ఆడుకునే కథ ఆటల గురించే. ట్వైన్ అనే టూల్‌తో చేసిన, ఛాయిస్‌లు నొక్కుతూ ఆడే క్లిక్ కథలు, టైప్ చేసి ఆడే పాత తరహా టెక్స్ట్ అడ్వెంచర్లు, ఐరన్‌స్వోర్న్ లాంటి ఫ్రీ పీడీఎఫ్ రూల్స్ పెట్టుకుని వాయిస్ కాల్‌లో తలో పాత్ర వేసుకుని ఆడే రోల్‌ప్లే, వాట్సాప్ గ్రూపులో మెసేజ్‌లతో నడిచే కథ, స్టీమ్ అనే ఆటల స్టోర్‌లో దొరికే ఇద్దరి ఆట వి వర్ హియర్, ఏఐనే కథ రాస్తూ పోయే ఏఐ డంజన్, ఇట్లాంటివి. రకాలు ఇన్ని ఉన్నా ఎక్కువగా ఆగిపోయే చోట్లు మాత్రం మూడు. లైన్ బాలేక ఆగుతది, సేవ్ పోయి ఆగుతది, లేదంటే ఇప్పుడు వంతు ఎవరిదో ఎవరికీ తెలీక ఆగుతది. నేను చూసినంతలో మూడోదే ఎక్కువ, కానీ గ్రూపులో అందరూ తిట్టేది నెట్‌ని. అందుకే రిపేరు మొదలుపెట్టేముందు ఒక్కటి ఆలోచించండి, నెట్ బ్రహ్మాండంగా ఉంటే ఈ ఆట నడిచేదా? నడవదు అనిపిస్తే రూటర్ జోలికి పోవద్దు, కింద మొదటి రెండు సమస్యలు చదవండి.

సమస్య: మెసేజ్ పెడతారు, బ్లూ టిక్కులు పడతాయి, ఎవరూ రాయరు

మెసేజ్‌లతో నడిచే కథలు ఎక్కువగా చచ్చిపోయేది ఇక్కడే. మొదట్లో అందరూ పోటీపడి రాస్తారు, తర్వాత మెల్లగా కథ నడిపేవాళ్లు ఒక పేరా రాసి కింద ఏం చేస్తారు అని వదిలేస్తారు, నలుగురూ చదువుతారు, ఎవరికి వాళ్లు పక్కోడు రాస్తాడులే అనుకుంటారు, రెండ్రోజులు గడుస్తాయి, ఇంక ఆ తర్వాత రాద్దామన్నా మొహమాటం అడ్డొస్తది. దీన్ని బద్ధకం అనుకుంటే పొరపాటు. ఆ ప్రశ్న పేరు పెట్టి ఎవర్నీ అడగలేదు, పైగా జవాబు చెప్పడానికి పట్టుకునే కొస కూడా ఆ మెసేజ్‌లో లేదు.

ఇట్లా రాశారనుకోండి: "మీరు ఊళ్లోకి వచ్చారు. చీకటి పడింది. అంతా నిశ్శబ్దంగా ఉంది. ఏం చేస్తారు?" దీనికి ఎవరు మాత్రం ఏం రాస్తారు చెప్పండి.

అదే ఇట్లా రాసి చూడండి: "ఊరంతటికీ ఒక్క ఇంట్లోనే దీపం ఉంది. అరుగు మీద ముసలాయన కూర్చుని కత్తిపీట నూరుతున్నాడు. మీ వెనక వాగు పొంగింది, వచ్చిన దారిన పోలేరు. వీరయ్యా, ముందు నడుస్తున్నది నువ్వే, ఆయన తల ఎత్తకుండానే నిన్ను పేరు పెట్టి పిలిచాడు. నువ్వేమంటావ్?"

రెండోదాంట్లో వెనక్కి పోయే దారి మూసేశారు, కంటిముందు ఒక మనిషిని పెట్టారు, ఒకళ్లని పేరుతో అడిగారు. వీరయ్య ఆడేవాళ్లు ఒక్క లైన్ రాస్తే చాలు, మిగతావాళ్లు దాన్ని అందుకుంటారు. కథ నడిపేవాళ్లు ఇంకేమీ మార్చకపోయినా ఈ ఒక్క పద్ధతి పట్టుకుంటే సగం గ్రూపులు బతుకుతాయి, ఇది నేను గట్టిగా చెప్తాను.

దాంతోపాటు టైమ్ రూల్ ఒకటి మొదట్లోనే ఒప్పుకోండి. ఒక రోజులో రాయకపోతే వాళ్ల పాత్ర ప్రమాదం లేని చిన్న పని ఏదో చేసిందని కథ నడిపేవాళ్లు రాసేసి ముందుకెళ్లిపోతారు, దాని మీద ఎవరూ అలగకూడదు, ఎవరూ సారీ చెప్పాల్సిన పని కూడా లేదు. ఆఫీసులో ఇరుక్కున్నోళ్లు మూడు రోజుల తర్వాత వచ్చినా సిగ్గుపడకుండా కథలో దూరగలగాలి. కథ గ్రూపు వేరు, కబుర్ల గ్రూపు వేరు పెట్టుకోండి. గుడ్ మార్నింగ్ ఫోటోల మధ్యలో, క్రికెట్ స్కోర్ల మధ్యలో కథ వెతుక్కోవాల్సి వస్తే ఎవరూ వెతుక్కోరు. కుడి దారా ఎడమ దారా లాంటి వాటికి చర్చ వద్దు, పోల్ పెట్టండి. వాట్సాప్ పోల్‌లో ఒకటి కంటే ఎక్కువ జవాబులు ఎంచుకునే ఆప్షన్ ఆఫ్ చేయడం మర్చిపోవద్దు, లేకపోతే అందరూ రెండూ నొక్కుతారు. ఓట్లు సమానమైతే ఈసారి ఒకళ్ల మాట, వచ్చేసారి ఇంకొకళ్ల మాట అని వరస ముందే రాసి పెట్టుకోండి.

కథ నడిపేవాళ్లే దొరకట్లేదా? దానికి ఐరన్‌స్వోర్న్ చాలా మంచిది. షాన్ టామ్‌కిన్ 2018లో తెచ్చిన రూల్స్ ఇవి, పీడీఎఫ్ ఫ్రీ, కథ నడిపే మనిషి లేకుండా ఇద్దరు ముగ్గురు కలిసి ఆడేలాగే రాశారు. దాంట్లో ఆరాకిల్ అని ఒకటి ఉంటది, ఏదన్నా తెలీనప్పుడు అవునా కాదా అని ప్రశ్న వేసి, అది జరిగే అవకాశం ఎంతో మీరే అనుకుని, డైస్‌తో 1 నుంచి 100 లోపు ఒక నంబర్ వేస్తారు. సగం సగం అనుకుంటే 51 కానీ అంతకన్నా ఎక్కువ కానీ పడితే అవును, జరగడం కష్టం అనుకుంటే 76 కానీ అంతకన్నా ఎక్కువ కానీ పడాలి, దాదాపు ఖాయం అనుకుంటే 11 పడినా చాలు. "ఆ ముసలాయనకి మనమొస్తున్నట్టు ముందే తెలుసా?" అని అడిగి డైస్ వేస్తే చర్చ అక్కడితో అయిపోతది, పైగా వచ్చిన జవాబు ఎవరూ ఊహించంది అవుతది.

సమస్య: ఒకళ్లే ఆడుతుంటారు, మిగతావాళ్లు ఊఁ కొడుతుంటారు

వాయిస్ కాల్‌లో ఇది ఎక్కువ. కాల్‌లో ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఇద్దరివీ వినపడవు, దాంతో మెల్లగా మాట్లాడేవాళ్లు ఆగిపోతారు, గట్టిగా మాట్లాడేవాళ్లే మిగులుతారు. గట్టిగా మాట్లాడేవాళ్లు చెడ్డోళ్లని కాదు, ఆ ఖాళీ భరించలేక మాట్లాడతారు అంతే. ఎక్కువ మాట్లాడకురా అని చెప్తే వాళ్ల మనసు నొచ్చుకుంటది తప్ప ఆట మారదు. మారాల్సింది వరస. కథ నడిపేవాళ్లు ఒక కాగితం మీద అందరి పేర్లూ రాసి, ఎవరితో ఒక సీన్ అయితే వాళ్ల పేరు పక్కన గీత పెట్టుకుంటూ పోవాలి, గీతలు తక్కువున్నవాళ్లని తర్వాత పిలవాలి. అంత చిన్న పనే.

క్లిక్ కథలైతే, అంటే ట్వైన్ కథలు లాంటివి ఒకళ్లు స్క్రీన్ షేర్ చేసి ఆడుతుంటే, మౌస్ ఎవరి చేతిలో ఉంటే కథ వాళ్లదైపోతది. అందుకని మౌస్ పట్టినవాళ్లకి ఓటు ఉండకూడదు. వాళ్లు చదవాలి, నొక్కాలి, అంతే. ప్రతి క్లిక్‌కీ ఓటింగ్ పెట్టొద్దు, విసుగొస్తది, వెనక్కి రాలేని నిర్ణయాలకే పెట్టండి.

ఇంకొకటి ఉంది, దీని గురించి గ్రూపుల్లో ఎవరూ నోరు విప్పరు. ఫ్రీ కథల్లో ఎక్కువ భాగం ఇంగ్లీషులోనే ఉంటాయి. స్క్రీన్ మీద పేరా వచ్చిన వెంటనే ఒకళ్లు చదివేసి "నెక్స్ట్ నెక్స్ట్" అంటారు, ఇంకొకళ్లు ఇంకా రెండో లైన్‌లో ఉంటారు. అడగడానికి నామోషీ. రెండు మూడు సార్లు ఇట్లా అయ్యాక ఆ మనిషి తలనొప్పి అనో కరెంటు పోయింది అనో చెప్పి కాల్‌లోంచి వెళ్లిపోతారు, మనం నెట్ ప్రాబ్లమ్ అనుకుంటాం. దీనికి మందు ఏంటంటే, ఒకళ్లు పేరా గట్టిగా చదవాలి, చదివి రెండు మూడు మాటల్లో తెలుగులో చెప్పాలి, "వీడు అబద్ధం చెప్తున్నాడు, తాళం వీడి దగ్గరే ఉంది" అట్లా, అప్పుడు ఛాయిస్‌లు చదవాలి. ఆట కొంచెం నెమ్మదిస్తది, నెమ్మదించనీయండి. అందరూ ఒకే పేజీ మీద ఉన్నప్పుడు వచ్చే వాదనలే ఈ ఆటల్లో అసలు మజా, ఆ ఒక్కళ్లు వెళ్లిపోతే ఆ వాదన కూడా పోతది.

సమస్య: గొంతు తెగిపోతోంది, బావిలోంచి వచ్చినట్టు ఉంది, ఎవరి మాటో వాళ్లకే తిరిగి వినిపిస్తోంది

మాట తిరిగి వినిపిస్తే మీ దగ్గర తప్పు లేదు, ఎవరో స్పీకర్‌లో పెట్టి వింటున్నారు. ఒక్కొక్కళ్లే మ్యూట్ అవుతూ పోండి, ఎవరు మ్యూట్ అయినప్పుడు ఆగిందో వాళ్లు ఇయర్‌ఫోన్స్ పెట్టుకోవాలి. బ్లూటూత్ పెట్టుకున్నాక ఒక్కసారిగా సౌండ్ పాత ల్యాండ్‌లైన్ ఫోన్‌లాగా మారితే, దానికి కారణం ఉంది, బ్లూటూత్‌లో మైక్ ఆన్ అవగానే అది కాల్ మోడ్‌కి వెళ్లి క్వాలిటీ తగ్గించేస్తది. వినడానికి బ్లూటూత్ ఉంచి, డిస్కార్డ్ (గ్రూపు వాయిస్ కాల్ యాప్) సెట్టింగ్స్‌లో మైక్ మాత్రం ల్యాప్‌టాప్‌ది ఎంచుకుంటే సరిపోతది, లేదా వైరు ఇయర్‌ఫోన్స్, దానంత నమ్మకమైంది ఇంకోటి లేదు. ఫ్యాను హోరు, కుక్కర్ విజిల్, పక్కింటి టీవీ ఇవన్నీ ఉంటే నాయిస్ సప్రెషన్ ఆన్ చేయండి, అది కూడా చాలకపోతే పుష్ టు టాక్, అంటే బటన్ నొక్కి పట్టుకున్నప్పుడే మైక్ పనిచేస్తది.

మాటలు ముక్కలు ముక్కలుగా వస్తే డిస్కార్డ్‌లో ఆ వాయిస్ చానెల్ సెట్టింగ్స్ తెరిచి బిట్‌రేట్, అంటే సెకనుకి ఎంత డేటా పోతుందో చూడండి, మామూలుగా 64 కేబీపీఎస్ ఉంటది, దాన్ని 32కి దించితే మాటలకి ఏ నష్టమూ లేదు, మొబైల్ డేటా మీద ఉన్నవాళ్లకి ఊపిరి ఆడుతది. అక్కడే రీజియన్, అంటే కాల్ నడిపే సర్వర్ ఏ ప్రాంతంలోదో, అది కూడా ఉంటది, ఆటోమేటిక్ నుంచి మార్చి ఇండియా పెట్టి చూడండి, సగం మంది అమెరికాలో ఉంటే వేరేది పెట్టి ఎవరికి ఎట్లా ఉందో అడిగి చూస్కోండి.

ఫోన్‌లో డిస్కార్డ్‌లో ఉండి వాట్సాప్‌లోకి పోగానే కాల్ కట్ అవుతుంటే అది నెట్ కాదు, ఫోన్ బ్యాటరీ ఆదా చేద్దామని యాప్‌ని చంపేస్తోంది. యాప్ ఇన్ఫోలో బ్యాటరీకి వెళ్లి అన్‌రెస్ట్రిక్టెడ్ పెట్టండి.

సమస్య: స్క్రీన్ షేర్‌లో అక్షరాలు మసకగా ఉన్నాయి

ఫ్రీ డిస్కార్డ్‌లో షేర్ 720పీ. పెద్ద మానిటర్ మొత్తం షేర్ చేస్తే అది కుదించుకుని ఫోన్లో చూసేవాళ్లకి చీమల్లాగా కనిపిస్తది. మొత్తం స్క్రీన్ వద్దు, బ్రౌజర్ విండో ఒక్కటే షేర్ చేయండి, ఆ విండోని చిన్నది చేయండి, కంట్రోల్ ప్లస్ నొక్కి అక్షరాలు పెద్దవి చేయండి. ఇంకా కష్టంగా ఉంటే షేర్ మానేసి అందరూ ఎవరి దగ్గర వాళ్లు అదే కథ తెరిచి, ఒకళ్లు చెప్పిన ఛాయిసే అందరూ నొక్కుతూ పోవచ్చు. కథలో అదృష్టం మీద నడిచే భాగాలుంటే మాత్రం ఎవరి కథ వాళ్లదైపోతది, అది చూస్కోండి.

సమస్య: పోయిన వారం సేవ్ చేశాం, ఇవాళ తెరిస్తే మొదటి నుంచి మొదలైంది

ఇది నిజంగా బాధపెట్టే సమస్య, ఎందుకంటే పోయేది నలుగురి సాయంత్రాలు. ట్వైన్ కథ అంటే అసలు ఒకే ఒక్క హెచ్‌టీఎంఎల్ ఫైలు. 2009లో క్రిస్ క్లైమస్ మొదలుపెట్టిన ఫ్రీ టూల్ ఇది, దాంతో చేసిన కథకి సర్వర్ అంటూ ఏమీ ఉండదు, కాబట్టి మీ సేవ్ ఎక్కడో క్లౌడ్‌లో ఉండదు, ఆడినవాళ్ల ఆ ఒక్క బ్రౌజర్‌లోనే ఉంటది. అది అర్థమైతే మిగతావన్నీ వాటంతటవే తెలుస్తాయి. వేరే ఫోన్‌లో తెరిస్తే ఉండదు. క్రోమ్‌లో ఆడి ఫైర్‌ఫాక్స్‌లో తెరిస్తే ఉండదు. ఇన్‌కాగ్నిటోలో ఆడితే విండో మూయగానే పోతది. స్టోరేజ్ నిండిందని ఎవరో క్లీనర్ యాప్ కొట్టినా పోతది.

తెలీకుండా దెబ్బకొట్టేవి ఇంకో రెండున్నాయి. ఐఫోన్‌లో సఫారీ వాడుతూ ఏడు రోజుల పాటు ఆ సైట్ వైపు చూడకపోతే, సైట్ దాచుకున్న డేటాని సఫారీనే తుడిచేస్తది. వారానికోసారి ఆదివారం ఆడుకునే గ్రూపుకి ఇది సరిగ్గా తగులుతది, ఒక్క వారం మిస్ అయ్యారా, అయిపోయింది. రెండోది ఇచ్ ఐఓ లాంటి, ఎవరైనా ఆటలు పెట్టుకునే సైట్‌లో కథ ఆడేటప్పుడు. అక్కడ ఆట ఆ పేజీలోపల ఇంకో డొమైన్ నుంచి వచ్చి కూర్చుంటది, కాబట్టి మీ బ్రౌజర్‌లో థర్డ్ పార్టీ కుకీలు, అంటే వేరే డొమైన్లు దాచుకునే డేటా, బ్లాక్ చేసుంటే ఆట సేవ్ రాసుకోలేదు. సేవ్ అయినట్టే కనిపిస్తది, కానీ అవ్వదు.

అందుకని ఆట మొదలుపెట్టిన ఐదు నిమిషాలకే పరీక్ష చేయండి. సేవ్ కొట్టండి, ట్యాబ్ మూసేయండి, మళ్లీ తెరవండి, లోడ్ అవుతుందా చూడండి. అవ్వకపోతే ఆ సైట్‌కి కుకీలు అనుమతించండి. ట్వైన్‌లోనే షుగర్‌క్యూబ్ అనే ఫార్మాట్‌లో చేసిన కథలకి సేవ్ మెనూలో ఫైలుగా డిస్క్‌లోకి సేవ్ చేస్కునే బటన్ చాలాసార్లు ఉంటది, అది ఉంటే ఆట ముగియగానే ఆ ఫైలు గ్రూపులో పడేయండి, అప్పుడు స్క్రీన్ షేర్ చేసే మనిషి రాకపోయినా ఇంకొకళ్లు అక్కణ్నుంచే ఎత్తుకోవచ్చు. ఆ బటన్ లేకపోతే ఏ పేజీలో ఏం నొక్కారో ఒకళ్లు రాస్తూ ఉండండి. క్లిక్ కథలో ఛాయిస్‌ల లిస్టు ఉంటే పోయిన గంట ఆటని పది నిమిషాల్లో మళ్లీ అక్కడిదాకా తీసుకురావచ్చు.

టైప్ చేసి ఆడే ఆటలకి కూడా ఇదే మాట, కాకపోతే వాటిల్లో స్క్రిప్ట్ అని కొడితే, లేదా ట్రాన్‌స్క్రిప్ట్ అని కొడితే, ఆట మొత్తం టెక్స్ట్‌గా రికార్డు చేసే సదుపాయం చాలావాటికి ఉంటది. వదులుకోవద్దు.

సమస్య: వాట్సాప్‌లో పంపిన కథ ఫైలు తెరుచుకోవట్లేదు, లేదా తెల్ల పేజీ వస్తోంది

మీరే ట్వైన్‌లో కథ చేసి ఫ్రెండ్స్‌కి పంపారు, వాళ్ల ఫోన్‌లో ఆ హెచ్‌టీఎంఎల్ ఫైలుని బ్రౌజర్ కాకుండా ఏదో వ్యూయర్ తెరుస్తోంది, అందులో జావాస్క్రిప్ట్ నడవక ఖాళీగా కనిపిస్తోంది. ఫైలు పంపడం మానేసి లింకు పంపండి. ఇచ్ ఐఓలో ఫ్రీగా పేజీ చేసి, ఫైలుకి ఇండెక్స్ డాట్ హెచ్‌టీఎంఎల్ అని పేరు పెట్టి ఎక్కించి, బ్రౌజర్‌లో ఆడేది అనే టిక్కు పెట్టండి. పేజీని అందరికీ కనపడకుండా పాస్‌వర్డ్ పెట్టి ఫ్రెండ్స్‌కే ఇవ్వొచ్చు కూడా.

కథ తెలుగులో రాస్తే ఇంకో తిరకాసు ఉంది. లైన్ల మధ్య ఎడం ఇంగ్లీషు అక్షరాలకి తగ్గట్టు ఉంటది కాబట్టి మన వత్తులు కింది లైన్ మీదకి ఎక్కుతాయి, లేదా బటన్లలో కింద కోసుకుపోతాయి. "స్త్రీ", "రాష్ట్రం" లాంటి మాటలు పెట్టి ముందు పరీక్షించండి. కథ రూపం నిర్ణయించే స్టైల్‌షీట్‌లో లైన్ హైట్ 1.8 దాకా పెంచితే చక్కబడతది, నోటో సాన్స్ తెలుగు ఫాంటు కథతోపాటే లోడ్ అయ్యేలా పెడితే అన్ని ఫోన్లలోనూ ఒకేలా వస్తది.

ఇద్దరు కలిసి ఒకే ట్వైన్ కథ రాస్తుంటే ఒకళ్లు రాసింది మాయమైందా? ట్వైన్‌లో గూగుల్ డాక్స్ లాగా ఇద్దరూ ఒకేసారి రాసే ఏర్పాటు లేదు, ఒకే పేరుతో ఉన్న కథని ఇంపోర్ట్ చేసి రీప్లేస్ కొడితే పాతది పోతది. ముక్కలు పంచుకుని డాక్స్‌లో రాసుకోండి, ట్వైన్‌లో ఎక్కించే పని ఒక్కళ్లకే ఇవ్వండి. వెబ్‌లో వాడే ట్వైన్ కూడా మీ కథల్ని బ్రౌజర్‌లోనే దాస్తది, కాబట్టి లేచే ముందు ఆర్కైవ్, అంటే మీ కథలన్నీ ఉండే ఫైలు, దింపుకోండి.

సమస్య: ఏం టైప్ చేసినా ఆటకి అర్థం కావట్లేదు

టెక్స్ట్ అడ్వెంచర్లు 1970లలో మొదలైన జాతి, వాటికి మనం మాట్లాడే వాక్యాలు ఎక్కవు. "ఆ గదిలో ఏముందో కొంచెం చూడు" అనే అర్థం వచ్చేలా పొడుగ్గా ఇంగ్లీషులో కొడితే తెలీదు అంటది. ఒక క్రియ, ఒక వస్తువు, అంతే. చుట్టూ చూడ్డానికి ఎల్, దగ్గరున్న సామాను చూడ్డానికి ఐ, ఏదన్నా పరిశీలించడానికి ఎక్స్ కొట్టి ఆ వస్తువు పేరు, దిక్కులకి ఎన్ ఎస్ ఈ డబ్ల్యూ, కాసేపు ఆగడానికి జెడ్, ముందు చేసిందే మళ్లీ చేయడానికి జి. తప్పు చేస్తే అన్‌డూ. ఈ చిట్టా గ్రూపులో పిన్ చేసి పెట్టండి.

గ్రూపుగా ఆడేటప్పుడు పనులు పంచుకుంటే బావుంటది. ఒకళ్లు టైప్, ఒకళ్లు కాగితం మీద మ్యాప్, ఒకళ్లు పేరాలో వచ్చిన ప్రతి వస్తువూ చూశామా లేదా అని లెక్క. ఇరుక్కుపోయారంటే దాదాపు ఎప్పుడూ కారణం, పేరాలో ఒక వస్తువు పేరు కనిపించింది, దాన్ని ఎవరూ ఎక్స్ కొట్టలేదు. ఈ ఆటల్ని గుంపుగా ఆడేవాళ్లు ఎప్పట్నుంచో ఉన్నారు, ఇఫ్‌మడ్ అనే చాట్ లోకంలో క్లబ్ ఫ్లాయిడ్ అని ఒక బృందం ఉంది, అక్కడ ఫ్లాయిడ్ అనే బాట్ ఆటని నడిపిస్తే అందరూ దానికే కమాండ్లు ఇస్తారు. మంచి ఆటలు వెతకాలంటే ఈ ఆటల జాబితా సైట్ ఐఎఫ్‌డీబీ చూడండి, రేటింగులు, రివ్యూలు, చాలావాటికి ఆడే లింకులు అక్కడే ఉంటాయి. ఇట్లాంటి ఆటలకే 1995 నుంచి ఏటా జరిగే ఐఎఫ్‌కాంప్ పోటీలోకి వచ్చిన ఆటలు ఫ్రీ, రెండు గంటల్లోపు ఆడి తీర్పు చెప్పాలని జడ్జిలకి రూలు ఉంటది కాబట్టి చాలావరకు ఒక సాయంత్రానికి సరిపోతాయి.

సమస్య: వి వర్ హియర్‌లో నేను చెప్పేది వాడికి అర్థం కాదు, వాడు చెప్పేది నాకు కనపడదు

2017లో వచ్చిన మొదటి భాగం స్టీమ్‌లో ఫ్రీ, ఇద్దరే ఆడాలి. ఒకళ్లు లైబ్రరీలో ఇరుక్కుంటారు, ఇంకొకళ్లు కోటలో తిరుగుతుంటారు, మధ్యలో వాకీ టాకీ ఒక్కటే. చిత్రమైన గుర్తులు ఒకళ్లకి కనిపిస్తాయి, వాటి అర్థం ఇంకొకళ్ల దగ్గర ఉంటది. సాంకేతికంగా ఉండే తలనొప్పి ఒకటే, ఆటలో వాకీ టాకీతో పాటు డిస్కార్డ్ కాల్ కూడా తెరిచి పెడితే మాట రెండుసార్లు వినిపిస్తది. ఏదో ఒకటి మూసేయండి. నా మాటైతే వాకీ టాకీనే ఉంచండి, ఆట కట్టిందే దాని చుట్టూ.

అసలు కష్టం గుర్తుల్ని వర్ణించడంలో ఉంటది. "ఒక గీత, దాని మీద గుండ్రంగా, పక్కన ఇంకోటి వంకరగా" అని చెప్తుంటే అవతలోళ్లకి ఐదు గుర్తులు అట్లాగే కనిపిస్తాయి. ఇక్కడ తెలుగు చదవడం వచ్చినవాళ్లకి పెద్ద సౌకర్యం ఉంది, మన అక్షరాల్లో లేని వంపు లేదు. సున్నాలో చుక్క ఉంటే "ఠ లాగుంది" అనండి. పైన టిక్కు లాంటిది ఉంటే తలకట్టు, పైన గుండ్రంగా తిరిగితే గుడి, పక్కకి తోక దిగితే కొమ్ము, కింద మెలిక తిరిగితే వట్రుసుడి. "ఠ, దానికి కుడివైపు కొమ్ము, పైన తలకట్టు లేదు" అంటే ఒక్కసారికే తెలిసిపోతది. ఆట మొదలవ్వకముందే ఈ మాటలు ఇద్దరూ ఒకే అర్థంలో వాడుతున్నామా అని ఒకసారి అనుకోండి, కుడి ఎడమలు కూడా చూసేవాళ్ల వైపు నుంచే అని ఒప్పుకోండి.

మూడోవాళ్లు ఉంటే ఈ ఆటలో చోటు లేదు. ఇంకో దారి స్టీమ్ రిమోట్ ప్లే టుగెదర్, ఒకే స్క్రీన్ మీద కలిసి ఆడే ఆట ఒకళ్ల దగ్గర ఉంటే చాలు, మిగతావాళ్లు ఇన్‌స్టాల్ చేయకుండానే చేరతారు. బొమ్మ ఆగి ఆగి వస్తే చేరినవాళ్ల నెట్ కంటే ముందు ఆట నడుపుతున్నవాళ్ల అప్‌లోడ్ స్పీడ్ చూడండి.

సమస్య: ఏఐ డంజన్‌లో మొన్న చచ్చిన రాజు ఇవాళ మళ్లీ మాట్లాడుతున్నాడు

ఏఐ నడిపే కథల్లో ఆ మోడల్, అంటే కథ రాసే ఏఐ, ఒకసారికి చూడగలిగే టెక్స్ట్‌కి హద్దు ఉంటది. కథ పొడుగయ్యే కొద్దీ మొదటి భాగం ఆ హద్దు బయటికి జారిపోతది, దానికి ఇంక అది తెలీదు. తెలుగులో ఆడితే ఇంకా త్వరగా జారుతది, ఎందుకంటే ఈ మోడళ్లు టెక్స్ట్‌ని ముక్కలు చేసే తీరులో అదే సంగతికి ఇంగ్లీషు కంటే తెలుగు ఎక్కువ ముక్కలు తింటది. కాబట్టి ఎప్పటికీ గుర్తుండాల్సినవి, ఎవరు బతికున్నారు, ఎవరు పోయారు, మీ పాత్రల పేర్లు, ఇప్పుడు ఎక్కడున్నారు, ఇవన్నీ ప్లాట్ ఎసెన్షియల్స్ అనే చోట పొట్టి పొట్టి వాక్యాల్లో పెట్టండి, మనుషులకీ ఊళ్లకీ స్టోరీ కార్డులు చేయండి. సెషన్ అయిన ప్రతిసారీ ఒకళ్లు వాటిని సరిచేయాలి, లేదంటే పాత సంగతులే పట్టుకుని వేలాడతది. అది రాసింది నచ్చకపోతే వాదించొద్దు, ఎడిట్ చేసేయండి లేదా మళ్లీ రాయించండి.

సమస్య: ఆదివారం అనుకున్నాం, సగం మంది రాలేదు

గ్రూపులో ఒకళ్లు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటే ఈ గొడవ తప్పదు. మనకి ఆదివారం పొద్దున 8 అంటే డాలస్‌లో చలికాలం శనివారం రాత్రి 8:30, ఎండాకాలం శనివారం రాత్రి 9:30. రోజు పేరే మారిపోతది, ఆదివారం అని చెప్తే వాళ్లు ఆదివారమే కూర్చుంటారు. పైగా అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకి జరుపుతారు, నవంబర్ మొదటి ఆదివారం వెనక్కి జరుపుతారు, మన దగ్గర ఏమీ జరగదు. బ్రిటన్ వాళ్లు మార్చి ఆఖరి ఆదివారం, అక్టోబర్ ఆఖరి ఆదివారం మారుస్తారు, అంటే లండన్, డాలస్, హైదరాబాద్ మూడూ ఉన్న గ్రూపుకి మార్చిలో కొన్ని వారాలు అన్ని లెక్కలూ తారుమారు. మెసేజ్‌లో టైమ్ రాసేటప్పుడు ఊరి పేరు, వారం పేరు రెండూ రాయండి, "హైదరాబాద్ ఆదివారం పొద్దున 8, డాలస్ శనివారం రాత్రి 8:30" అట్లా. గూగుల్ క్యాలెండర్ ఇన్వైట్ పంపితే ఇంకా మంచిది, ఎవరి టైమ్ వాళ్లకి అదే చూపిస్తది.

రెండు గంటలకి మించి పెట్టుకోవద్దు, పొద్దున టిఫిన్ టైమ్, అటు పిల్లలు పడుకునే టైమ్. అందరికీ ఒక్క రోజే కుదిరితే పొడుగు కథ మొదలుపెట్టకుండా జాన్ హార్పర్ చేసిన లేజర్స్ అండ్ ఫీలింగ్స్ లాంటిది తీస్కోండి, రూల్స్ మొత్తం ఒక్క పేజీ, ఫ్రీ. ప్రతి పాత్రకీ 2 నుంచి 5 మధ్యలో ఒకే నంబర్. బుర్ర, యంత్రాలతో చేసే పనికి డైస్ ఆ నంబర్ కంటే తక్కువ పడాలి, మనుషులతో మాటలు, ధైర్యం, ప్రేమ లాంటివాటికి ఎక్కువ పడాలి. పదిహేను నిమిషాల్లో అందరికీ వచ్చేస్తది.

సమస్య: కథ బాగానే నడిచింది, ఉన్నట్టుండి ఒకళ్లు మౌనంగా తప్పుకున్నారు

నెట్, టైమ్, వంతు అన్నీ బావుండి కూడా ఇట్లా అయితే కథలోనే ఏదో గుచ్చుకుని ఉంటది. ఇంట్లో ఈమధ్యే ఒకళ్లని పోగొట్టుకున్నోళ్ల ముందు ఆస్పత్రి సీన్ వచ్చి ఉండొచ్చు, కులం పేరుతోనో ఒంటి రంగు మీదో ఎవరో పాత్ర నోటితో జోక్ వేసి ఉండొచ్చు. కాల్‌లో మొహాలు కనిపించవు కాబట్టి ఎవరికీ తెలీదు. దీనికి తర్వాత చేసే రిపేరు కష్టం, ముందే చేయాలి. మొదటి ఆటకి ముందు ప్రతి ఒక్కళ్లూ మా కథలో ఇది అసలు రాకూడదు అనుకునేవి, వచ్చినా వివరంగా చూపించొద్దు అనుకునేవి కథ నడిపేవాళ్లకి విడిగా పర్సనల్ మెసేజ్‌లో పంపాలి, కారణం చెప్పక్కర్లేదు. కథ నడిపేవాళ్లు ఎవరు చెప్పారో చెప్పకుండా లిస్టు మాత్రం గ్రూపులో పెట్టాలి. ఆట మధ్యలో చాట్‌లో ఎవరన్నా ఒట్టి ఎక్స్ అని టైప్ చేస్తే ఆ సీన్ అక్కడితో ఆపి పక్కకి తిప్పేయాలి, ఎందుకు ఏమిటి అని అడగకూడదు. జాన్ స్టావ్రోపౌలోస్ మొదలుపెట్టిన ఎక్స్ కార్డ్ పద్ధతి ఇదే, బల్ల మీద పెట్టే కార్డు బదులు మనకి చాట్ ఉంది.

ఇప్పటికే తప్పుకున్నవాళ్లుంటే గ్రూపులో అందరి ముందూ పిలవొద్దు, విడిగా ఫోన్ చేయండి. ఆట సంగతి ఎత్తకుండా ముందు ఎట్లా ఉన్నారో అడగండి. వాళ్ల పాత్రని కథలో చంపేయొద్దు, ఊరెళ్లింది అని రాసి ఉంచండి.